బోల్గా దాకా దారి

అమిసాపోనో,
11 ఫిబ్రవరి 1990, ఆదివారం

చిన్నన్నయ్యకు,

నీ ఉల్లిపాయల బస్తా ముమూని లారీలో చేరింది. సగం దారిలోనే మొలకలొచ్చేశాయి, అయినా పారెయ్యలేదు. మీ బోల్గాలో దుమ్ముగాలి తగ్గిందా? వదిన దగ్గు ఎలా ఉంది? ఇక్కడ చేపలు పలచగా పడుతున్నాయి. పొగపొయ్యిల దగ్గర పని లేక ఆడవాళ్ళం ఒకరి జడ ఒకరం అల్లుకుంటూ కూర్చుంటున్నాం.

మేడమీది గదులు ఖాళీగా ఎందుకని అద్దెకిచ్చాను. నలుగురు తెల్లపిల్లలు దిగారు. బడికి కప్పు వేసి గోడలకు సున్నం కొడతారట. జీతం లేదు. పైగా విమానం టిక్కెట్టు కూడా వాళ్ళే కొనుక్కున్నారట. వాలంటీర్లు అంటారు. అందరికన్నా పొడుగువాడి పేరు టోర్బెన్, డెన్మార్క్ వాడు, మన తలుపు కింద తలవంచడం ఇంకా నేర్చుకోలేదు. అన్నెలీస్ అని జర్మన్ అమ్మాయి, నర్సు చదువు చదువుతోంది. మిగతా ఇద్దరు అమ్మాయిలు అక్కాచెల్లెళ్ళు కారు గానీ ఒకరు నవ్వితే రెండోది కారణం తెలియకుండానే నవ్వుతుంది.

వీళ్ళను పంపిన ఆక్రా ఆఫీసు వాళ్ళు నాకు ఇంకో పని అప్పజెప్పారు. సెలవు రోజుల్లో పిల్లల్ని ఎక్కడికైనా తిప్పి తీసుకురావాలట. మొదటి శనివారం కోటకు తీసుకెళ్ళాను. కింద, బానిసల్ని ఉంచిన గదిలో అన్నెలీస్ గోడకు చెయ్యి ఆనించి కదల్లేదు. బయటికొచ్చాక ఎవరూ అన్నం ముట్టలేదు. సెలవురోజు ఇలా గడవకూడదనుకున్నాను. అందుకే నిన్న, మనసు తేలికపడుతుందని, చావుకు తీసుకెళ్ళాను. నలుగురికీ ఎరుపు నలుపు బట్టలు నేనే కట్టాను. బాకాలూ డప్పులూ ఏం మోగాయనుకున్నావు! ముసలావిడ నిండుగా బతికి పోయింది, ఇంకేం కావాలి? పెద్దన్నయ్య చేతికర్ర పట్టుకుని అందరికన్నా ముందు నడిచాడు. అన్నెలీస్ ఏడుపు విని, "ఈ పిల్ల ఎవరి తాలూకు? ఏం ఏడ్చిందమ్మా!" అని పక్క ఊరివాళ్ళు కూడా మెచ్చుకున్నారు. టోర్బెన్ చెమటతో తడిసి ముద్దయ్యేదాకా ఆడాడు.

పెద్దన్నయ్య బాగున్నాడు. నీ పేరెత్తితే మాత్రం సముద్రం వైపు చూస్తాడు. నేను అతని సంగతి రాస్తే నువ్వు జవాబులో ఎండల గురించి రాస్తావు. మీరు కవలలు. కవలల తర్వాత పుట్టానని నాకు తావియా అని పేరు పెట్టారు సరే, మీ ఇద్దరి మధ్య ఏడేళ్ళుగా నడుస్తూ ఉండమని ఎవరూ చెప్పలేదు.

ముమూని హారన్ కొడుతున్నాడు.

నీ చెల్లెలు,
తావియా


బోల్గటాంగా,
21 ఫిబ్రవరి 1990

చెల్లీ,

నీ ఉత్తరం అందింది. ఎసీ పెద్దమ్మ పోయిందా? అది కూడా నువ్వు ఉల్లిపాయల తర్వాత, అద్దె తర్వాత, తెల్లపిల్లల తర్వాత రాస్తావా? పేరైనా రాయలేదు. రాయనక్కర్లేదులే. "ముసలావిడ" అన్నావు, పెద్దవాడు కర్ర పట్టుకుని ముందు నడిచాడన్నావు. మన ఇంట్లో ఇంకే ముసలావిడ ఉంది?

నాన్న పోయినప్పుడు కబురైనా పంపారు. వచ్చేసరికి మట్టి కప్పేశారు, అది వేరు సంగతి. ఇప్పుడు కబురు కూడా లేదు. ఊరూ పేరూ తెలియని పిల్లలు మన పెద్దమ్మ కోసం ఏడిస్తే ఊరంతా మెచ్చుకుందా? బాగుంది. పెద్దమ్మ చేతి ముద్ద తిన్నవాడు ఇక్కడ సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు.

ఆదివారం గుండు కొట్టించుకున్నాను. మా బడి టీచర్లంతా వచ్చి కూర్చున్నారు. మీ వదిన అతంపోకా జొన్నకల్లు పోసింది. హెడ్మాస్టరు నాకు సెలవిస్తానన్నాడు. "ఎందుకండీ, అంతా అయిపోయింది" అన్నాను.

ఆ పిల్లల సంగతి ఒకటి అడగాలి. జీతం లేకుండా పనిచేస్తూ, దారిఖర్చులు కూడా తామే పెట్టుకున్నారంటే, వాళ్ళ దేశంలో ఏదైనా తప్పు చేసి శిక్ష అనుభవిస్తున్నారేమో కనుక్కున్నావా? మేడమీద తాళం వేసుకో.

అటా కక్రబా


అమిసాపోనో,
8 మార్చి 1990, గురువారం

చిన్నన్నయ్యా,

ఎసీ పెద్దమ్మ బతికే ఉంది! నిన్న సాయంత్రం కూడా నాతో చేప తలకాయ కోసం తగువు పెట్టుకుంది. పోయింది కల్లు అమ్మే మెన్సా వాళ్ళ అమ్మ. రేవుపెద్ద కాబట్టి పెద్దన్నయ్య అందరి చావుల్లోనూ ముందు నడుస్తాడు కదా, ఆ మాత్రం గుర్తులేదా నీకు?

నీ ఉత్తరం పెద్దమ్మకు చదివి వినిపించాను. మొదట, "నన్ను చంపేశాడా వాడు!" అని చేట విసిరింది. గుండు సంగతి వచ్చేసరికి మాత్రం మెత్తబడింది. "చూశారా, నాకోసం తల గొరిగించుకున్నాడు. ఇక్కడున్న మీరు నాకు నీళ్ళు కూడా ఇవ్వరు" అని వీధి వీధికీ చెప్పి వచ్చింది. కల్లు ఎంత పోశారు, ఎవరెవరు ఏడ్చారు, అన్నీ రాయమంటోంది. అసలైన రోజున అంతకు తగ్గకూడదట.

ఇక నా కష్టం విను. మొన్న మంగళవారం స్వాతంత్ర్య దినం. ఊరంతా బడి మైదానంలో పిల్లల కవాతు చూస్తోంది. ఈ నలుగురికీ పని లేదు. రేవులో పడవలన్నీ ఊరికే ఉన్నాయి కదా అని టోర్బెన్ మన నాన్న పడవను నీళ్ళలోకి తోశాడు. మంగళవారం, అన్నయ్యా! సముద్రదేవుడు బోసంపో తాతయ్య విశ్రాంతి తీసుకునే రోజున మన రేవులో పిల్లి కూడా కాలు తడుపుకోదు. బాకా ఊదే పిల్లవాడికి ముందు కనిపించింది. బాకా ఆగింది. కవాతు ఆగింది. అందరూ ఒడ్డుకు పరుగెత్తాం. తమను ఉత్సాహపరచడానికి వచ్చామనుకుని టోర్బెన్ చెయ్యి ఊపుతాడు! పడవ గుండ్రంగా తిరుగుతోంది, ఎటూ పోదు. ఆ ఇద్దరమ్మాయిలూ నవ్వుతున్నారు. ఇంకెవరూ నవ్వలేదు.

తప్పు నాది. కోట చూపించాను, కొబ్బరితోట చూపించాను, చావు చూపించాను, మంగళవారం సంగతి చెప్పడం మర్చిపోయాను. రేపు రేవులో పంచాయితీ. పిల్లల్ని ఊళ్ళోంచి పంపెయ్యాలని కొందరంటున్నారు. నన్ను ఏడాది పాటు రేవులో చేప కొననివ్వకూడదని మరికొందరు. తీర్పు చెప్పవలసింది పెద్దన్నయ్య. మూడు రోజులుగా నాతో మాట్లాడలేదు. ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నాడు. నాకు భయంగా ఉంది.

ముమూని ఆగడట.

తావియా


బోల్గటాంగా,
16 మార్చి 1990

తావియా,

ముందుగా పెద్దమ్మకు నా దండాలు. నా జుట్టు మొలుస్తోంది. టీచర్లు నా ముఖం చూసి నవ్వాపుకోలేకపోతున్నారు. తాగిన కల్లు వాపసు ఇవ్వలేం, ఇంకో చావు బాకీ ఉంచుకోమంటున్నారు.

నీ ఉత్తరంలో రెండో సగం చదివి ఊరుకోలేకపోయాను. ముఖం తిప్పుకున్నాడా? తోడబుట్టినదాన్ని పంచాయితీలో నిలబెడతాడా? ఆ మనిషి మారడు. వాడికి ఆచారం ముందు, మనుషులు తర్వాత. నాకు తెలియదా? పెట్రోలు దొరకని ఆ కరువు సంవత్సరంలో, దేశం మొత్తంలో లారీ అన్నది కదలని రోజుల్లో, నాన్నను పూడ్చడానికి ఒక్క పూట ఆగలేదు వాడు.

ఈసారి ఎండల గురించి రాయలేదు. నేరుగా వాడికే రాశాను. ఇదే లారీలో ఆ ఉత్తరం కూడా వస్తోంది. ఇంగ్లీషులో రాశాను, అప్పుడైతేనే కోపం సరిగా కుదిరింది.

నువ్వు ధైర్యంగా ఉండు.

అన్నయ్య


అమిసాపోనో,
1 ఏప్రిల్ 1990, ఆదివారం

చిన్నన్నయ్యా,

నువ్వు ఆ ఉత్తరం రాయకుండా ఉండవలసింది.

జరిగింది మొదటినుంచీ చెప్తాను. పంచాయితీ రోజున రేవులో ఇసుక కనబడనంత జనం. పెద్దన్నయ్య రేవుపెద్ద పీట మీద, చేతికర్రతో. నేనూ నలుగురు పిల్లలూ ఎదురుగా.

"పడవ ఎవరిది?" అన్నాడు.

"మా ఇంటిది" అన్నాను.

"తోసిందెవరు?"

టోర్బెన్ ముందుకొచ్చాడు. వాడికి మన భాషలో వచ్చింది ఒక్కటే ముక్క, అదే గట్టిగా అన్నాడు: "శుభోదయం, మీ అమ్మగారు బాగున్నారా?" వెనకనుంచి ఎసీ పెద్దమ్మ, "ఆమె ఎప్పుడో పోయింది నాయనా, నేనున్నాను, బాగానే ఉన్నాను" అంది. జనం నవ్వారు. పెద్దన్నయ్య నవ్వలేదు.

లేచాడు. చేతికర్రను, రేవులో తన తర్వాతి పెద్ద అయిన బోత్వే తాత చేతికిచ్చాడు. పీట దిగి, ఇసుకలో నడిచొచ్చి, నా పక్కన నిలబడ్డాడు.

"బోత్వే, ఇవాళ తీర్పు నువ్వు చెప్పు. ఆ పడవ మా నాన్నది. ఈ పిల్లలు మా చెల్లెలి చేతి అన్నం తింటున్నారు. మా ఇంటి తప్పు ఇది. అడగవలసింది నన్ను అడగండి" అన్నాడు.

బోత్వే తాత గొంతు సవరించుకోడానికే చాలాసేపు పట్టింది. చివరికి ఒక గొర్రె, రెండు సారా సీసాలు బోసంపో తాతయ్యకు, పిల్లలు నాలుగు మంగళవారాలు ఒడ్డున కూర్చుని వలలు బాగుచెయ్యాలి అన్నాడు. గొర్రె పెద్దన్నయ్య దొడ్లోదే. ఆ మూడు రోజులూ నాతో ఎందుకు మాట్లాడలేదని తర్వాత అడిగాను. "మాట్లాడితే ఏం చెయ్యబోతున్నానో నీ ముఖంలో ఊరంతా చదివేది" అన్నాడు.

ఇప్పుడు మంగళవారాలే వాళ్ళకు అసలైన సెలవులయ్యాయి. బెస్తవాళ్ళ మధ్య కూర్చుని వల ముడులు నేర్చుకుంటున్నారు. టోర్బెన్‌కు కోబినా అని పేరు పెట్టారు, అంటే మంగళవారం పుట్టినవాడు. నాలుగు మైళ్ళు తిప్పినా రానంత సంతోషం ఈ ఒడ్డున దొరికింది వాళ్ళకు. అన్నెలీస్ నాతో, "తావియమ్మా, ఇక శనివారాలు మమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్ళొద్దు" అంది.

అలా అంతా కుదుటపడ్డాక వచ్చింది నీ ఉత్తరం. పెద్దన్నయ్యకు ఇంగ్లీషు రాదని నీకు తెలుసు. వలలు కుట్టే చోటే, అందరి ముందే, చర్చి ఉపదేశకుడి చేతికిచ్చి, "మా తమ్ముడు రాశాడు, చదువు" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఏడేళ్ళ తర్వాత వచ్చిన ఉత్తరం కదా. ఆ ఉపదేశకుడు ఒక్క మాట మింగకుండా మన భాషలో చెప్పుకుంటూ పోయాడు. "సముద్రానికి తాళం వేసి తాళంచెవి మొలలో దోపుకున్నావు." "నీకు తోబుట్టువులు అక్కర్లేదు, పీట ఉంటే చాలు."

పెద్దన్నయ్య చివరిదాకా విన్నాడు. "చేతిరాత బాగుందా?" అని అడిగాడు. "చాలా బాగుంది" అన్నాడు ఉపదేశకుడు. "చిన్నప్పటినుంచీ అంతే" అని మడిచి లోపల పెట్టుకున్నాడు. ఇప్పుడు ఊళ్ళో పిల్లకాయలు అతను కనబడితే చాలు, "తాతా, తాళంచెవి ఇస్తావా, ఈత కొట్టాలి" అంటున్నారు. వాళ్ళతో పాటు నవ్వుతాడు. ఆ పూట మాత్రం అన్నం తినలేదు. "నేను చేసినదేదీ వాడికి సరిగా చేరదు" అన్నాడు, అంతే.

తావియా


బోల్గటాంగా,
6 ఏప్రిల్ 1990

చెల్లీ,

నీ ఉత్తరం మొన్న అందింది. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. పిల్లలకు వ్యాసం రాయమని చెప్పి నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అతంపోకా చదవమంటే చదివి వినిపించాను. "నీకు ఇంగ్లీషు నేర్పినవాడెవడు? వాణ్ణి తన్నాలి" అంది.

నా తరఫున వాడికి ఏదైనా చెప్పు. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. నీకు తోచింది చెప్పు.

ఇక్కడ ఎండలు మండుతున్నాయి.

అన్నయ్య


అమిసాపోనో,
9 ఏప్రిల్ 1990, సోమవారం

చిన్నన్నయ్యా,

నాకు ఏదీ తోచదు. నేను మీ మధ్య తిరిగే లారీని కాను. నువ్వే చెప్పుకో, ఎందుకంటే ఆ మనిషే వస్తున్నాడు.

మళ్ళీ చదువుకో. పెద్దన్నయ్య బోల్గా వస్తున్నాడు.

పిల్లలకు ఈస్టర్ సెలవులిచ్చారు. మీ వైపు చెరువులో మనుషులు మొసళ్ళ పక్కన కూర్చుంటారట కదా, అది చూడాలని ఒకటే గోల. పెద్దవాళ్ళెవరైనా వెంట వెళ్తేనే సరేనంది ఆఫీసు. నాకు కుదరదు, చేపలు ఇప్పుడిప్పుడే పడుతున్నాయి. ఎవరిని పంపాలా అని నేను తల పట్టుకుంటే, వల కుడుతున్న పెద్దన్నయ్య తలెత్తకుండా, "నేనెళ్తా" అన్నాడు.

"నువ్వా? కేప్‌కోస్ట్ దాటి ఎప్పుడైనా వెళ్ళావా?"

"ఈ కోబినా గాడిని వదిలేస్తే అక్కడ ఏ దేవుడి విశ్రాంతి చెడగొడతాడో. మొసళ్ళ దేవుడికి గొర్రెలు నేను ఇచ్చుకోలేను."

నీ ఇంటికి రాడట. ఆ మాట నాలుగుసార్లు చెప్పాడు. చర్చివాళ్ళ బసలో దిగుతాడట. అలా అంటూనే నా పొగపొయ్యి దగ్గర కూర్చుని ఒక్కో చేపను వాసన చూసి ఏరి, పెద్ద బుట్ట నింపాడు. ఎవరికని నేనడగలేదు, అతను చెప్పలేదు. రేపు మంగళవారం, ఎలాగూ సముద్రం మీదికి పోరు కనుక రేపే బయల్దేరుతున్నారు. గురువారానికి చేరతారు.

ఈ ఉత్తరం ముమూనికిచ్చాను. వాళ్ళకన్నా ముందే అందుతుంది. గొడవపడితే ఇద్దరి సంగతీ పెద్దమ్మకు చెప్తాను.

తావియా


బోల్గటాంగా,
20 ఏప్రిల్ 1990, శుక్రవారం

చెల్లీ,

గురువారం వస్తారన్నావు. గురువారం నేను లారీల అడ్డాకు పోలేదు. మా ఇంటికి రానన్నవాడికి ఎదురెళ్ళడమేమిటి? అతంపోకా మాత్రం పొద్దున్నే గినీకోడిని కోసింది. "ఎవరికి?" అన్నాను. "నాకు. తినాలనిపించింది" అంది. సాయంత్రం దాకా ఎవరూ రాలేదు, ఆ కోడి మేమే తిన్నాం. శుక్రవారం ఇంకో కోడిని తినాలనిపించిందామెకు. శనివారం నేనే అడ్డాకు వెళ్ళాను, ఉల్లిపాయల ధర కనుక్కోవడానికని చెప్పి. టమాలే నుంచి వచ్చిన ప్రతి బండిలోకీ తొంగిచూశాను. కుమాసీలోనే మనసు మార్చుకుని వెనక్కి తిరిగాడనుకున్నాను. నా ఉత్తరం గుర్తొచ్చి ఉంటుందనుకున్నాను.

ఆదివారం చర్చిలో ఈస్టర్ పాట సగంలో ఉండగా బయట బండి దగ్గింది. ఆ దగ్గే వేరు, చాలా దూరం వచ్చిన దగ్గు. పాట వదిలేసి బయటికి పరుగెత్తాను.

ఐదుగురు దిగారు. అందరూ ఒకే రంగు. ఎర్రమట్టిలో దొర్లించి తీసినట్టు కనురెప్పలతో సహా ఎర్రగా ఉన్నారు. తెల్లవాళ్ళెవరో మనవాడెవడో చెప్పలేం. ఒకడి చంకలో బుట్ట ఉంది కనుక అతనే మన పెద్దవాడనుకున్నాను.

నన్ను చూశాడు. నా గుండు చూశాడు, జుట్టు ఇంకా పూర్తిగా మొలవలేదు కదా. నవ్వుతాడనుకున్నాను.

"ఒరేయ్, ఈ దారి ఇంత పొడుగా?" అన్నాడు.

"అవును."

"పిల్లలు మ్యాపులో చూపించారు. జానెడుంది."

"మ్యాపులో జానెడే."

"కింటాంపో దాటాక ఇరుసు విరిగింది. దాన్ని తాళ్ళతో కట్టుకుని బూయిపే వంతెన దాకా ఈడ్చారు. అక్కడ బండి కిందే పడుకున్నాం. పక్కన నది, చేతిలో వల లేదు. ఇంకో ఇరుసు టమాలే నుంచి రావాలన్నారు. రేపన్నారు. మళ్ళీ రేపన్నారు. నేను ఆ డ్రైవరును తిట్టని తిట్టు లేదు. 'పెద్దాయనా, నన్ను తిడితే దారి తగ్గదు' అన్నాడు వాడు."

పక్కనుంచి టోర్బెన్ అందుకున్నాడు. వాడు మన భాష బాగానే మాట్లాడుతున్నాడే! "మేం ఆకలితో చచ్చాం. తాత బుట్ట విప్పనివ్వలేదు. తమ్ముడివి, ముట్టుకోవద్దన్నాడు."

పెద్దవాడు వాణ్ణి ఒక్క చూపు చూశాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, నెమ్మదిగా, "ఆ కరువు ఏడు నువ్వు ఆగిపోయింది ఎక్కడరా?" అన్నాడు.

"బూయిపేలోనే. పెట్రోలు లేక."

"ఆ వంతెన దగ్గరా?"

"ఆ వంతెన దగ్గరే."

చర్చిలో పాట అయిపోయి జనం బయటికొస్తున్నారు, మా చుట్టూ తిరిగి వెళ్తున్నారు.

"అక్కడ టీ కొట్టువాడు ఉన్నాడు. అప్పుడూ ఉన్నాడా?"

"ఉన్నాడు. అప్పుడు టీ లేదు, చక్కెర లేదు. వేడినీళ్ళు అమ్మేవాడు."

అప్పుడన్నాడు తావియా, ఆ మాట. "నాన్న శవపెట్టెకు ముందువైపు ఎడమపక్క నీ చోటు. అది ఖాళీగానే ఉంచాం. బోత్వే పట్టుకుంటానని వస్తే వద్దన్నాను. పెట్టె అటు ఒరిగిపోతూనే ఉంది, సమాధి దాకా నా భుజం మీదికి లాక్కుంటూ నడిచాను. ఆ రోజుల్లో కరెంటు లేదు, నాన్నను ఉంచడానికి ఐసు లేదు. అంతకన్నా ఆపలేకపోయానురా. నీకు తెలియదా?"

నాకు తెలియదు. ఆ రోజు నేను కొత్త మట్టి చూసి, ఎవరి ముఖమూ చూడకుండా, మంచినీళ్ళు కూడా తాగకుండా తిరిగి అడ్డాకు పోయాను. ఏడేళ్ళు ఆ ఒక్క పూట గురించి కోపంగా ఉన్నాను. నువ్వెందుకు చెప్పలేదు? ఇన్ని ఉత్తరాల్లో ఉల్లిపాయల గురించి రాశావు, ఇదెందుకు రాయలేదు?

వాడి చేతిలోంచి బుట్ట తీసుకోబోయాను. ఇవ్వలేదు. చెరో పక్కా పట్టుకుని మోసుకొచ్చాం. చర్చి బస సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అతంపోకా మూడో కోడి కోసింది.

సోమవారం మొసళ్ళ చెరువుకు వెళ్ళాం. కాపలాదారు ఈల వేస్తే ఒకటి ఒడ్డెక్కి పడుకుంది. అన్నెలీస్ దాని తోక పట్టుకుని ఫొటో దిగింది. నవ్వే అమ్మాయిలిద్దరూ నవ్వకుండా కూర్చోవడం మొదటిసారి చూశాను. మన రేవుపెద్ద ఏడీ అని చూస్తే బండి టాపు మీద ఉన్నాడు! "దిగవయ్యా, ఇవి ఏమీ చెయ్యవు, మా తాతల ఆత్మలు వీటిలో ఉంటాయి" అన్నాడు కాపలాదారు. "మీ తాతల్ని నేనెరుగను, అడక్కుండా ఒళ్ళో కూర్చోవడం మర్యాద కాదు" అన్నాడు ఇతను పైనుంచే. సొరచేప వలలో పడితే చేత్తో విదిల్చిన మనిషి!

పిల్లల సెలవు అయిపోయింది, రేపు వాళ్ళు బయల్దేరతారు. పెద్దవాడు రావడం లేదు. వేయా దగ్గర ఆనకట్ట చెరువులో మా వాళ్ళు వల విసరడం చూసి, "వల విసురుతున్నారా, దుప్పటి పరుస్తున్నారా?" అని దిగిపోయాడు. రోజూ వెళ్తున్నాడు. "అల లేదు, ఉప్పు లేదు, ఇదేం నీళ్ళు" అని చెరువును తిడతాడు. సాయంత్రం దాకా ఒడ్డెక్కడు. నేను బడి వదిలాక వెళ్ళి గట్టున కూర్చుంటున్నాను.

పిల్లలకు తోడుగా పెద్దవాళ్ళు ఉండాలి కదా. మీ వదినను పంపుతున్నాను. "నీ మొగుడు సముద్రం దగ్గర పుట్టినవాడు, నిన్ను ఒక్కసారైనా తీసుకెళ్ళలేదా?" అని పెద్దవాడు అడిగితే ఆమె నా వైపు చూసిన చూపు నీకు చెప్పలేను. ముప్పై ఏళ్ళ కాపురం, ఆమె ఇంతవరకూ సముద్రం చూడలేదు. బాగా చూసుకో.

పెద్దవాడు పక్కనుంచి, "బోత్వేను నా వలలు ముట్టుకోవద్దని రాయి" అంటున్నాడు. రాశాను.

కక్రబా


అమిసాపోనో,
1 మే 1990, మంగళవారం

అన్నయ్యలిద్దరికీ,

ఒకే ఉత్తరం రాస్తున్నాను, ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి. ఇలా రాసి ఎంతకాలమైందో.

ఎందుకు చెప్పలేదని అడిగావు. ఊరంతా చూసింది కదా చిన్నన్నయ్యా. ఒరిగిన పెట్టెను ఒక్క భుజంతో మోసుకెళ్తుంటే చూసి ఊరంతా ఏడ్చింది. ఊరంతా చూసినదాన్ని ఎవరైనా మళ్ళీ ఉత్తరంలో రాస్తారా? నీకు తెలుసనే అనుకున్నాను. తెలిసి కూడా కోపం పెట్టుకున్నావంటే నీ గుండె రాయి అనుకున్నాను. పోనీలే. ఇప్పుడు నాకూ తెలిసింది, నీకూ తెలిసింది.

వదిన క్షేమంగా చేరింది. దారిలో ఇరుసు విరగలేదు. టైర్లే పోయాయి, ఆ దారికి అది మర్యాదే. పిల్లలు ఆమెను నేరుగా ఇంటికి తేలేదు. కొబ్బరితోట దాటగానే బండి ఆపించి, కళ్ళు మూసుకోమని, చెయ్యి పట్టి ఒడ్డుకు తీసుకెళ్ళి, అప్పుడు తెరవమన్నారు. నేను పొగపొయ్యి వదిలి పరుగెత్తాను, ఆ ముఖం చూడాలని.

వదిన చూసింది. ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. మళ్ళీ ఎడమవైపు చూసింది. టోర్బెన్ భయపడ్డాడు.

"అవతలి గట్టు ఏది?" అంది చివరికి.

"లేదు వదినా" అన్నాను.

"లేకపోవడమేమిటి, ఎక్కడో ఒకచోట ఉంటుంది, మీరు వెళ్ళి చూసుండరు" అంది. చెప్పులు విడిచి మోకాళ్ళ లోతుకు వెళ్ళబోతే, మంగళవారమైతే నేనే ఆపేదాన్ని, ఆరోజు గురువారం కనుక దిగనిచ్చాను. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుని, తుపుక్కున ఉమ్మింది.

"ఇన్ని నీళ్ళు దగ్గర పెట్టుకుని తాగడానికి లేకుండా చేశారా? మా ఊళ్ళో బిందెడు నీళ్ళకు మేం మైళ్ళు నడుస్తాం!" అని నన్ను తిట్టింది, నేనే ఉప్పు పోసినట్టు. తర్వాత కూర్చుండిపోయింది. అల వచ్చి కట్టుబట్ట అంచు తడిపితే అరిచింది, మళ్ళీ రమ్మని చెయ్యి చాపింది.

అప్పటినుంచీ ఇల్లు నాది కాదు. అన్నెలీస్ ఆమెను బజారుకు తిప్పుతుంది, నవ్వే అమ్మాయిలు తోటలకు తిప్పుతారు. ఎసీ పెద్దమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోజు బోల్గాలో కల్లు ఎంత పోశారో మొదటినుంచీ చెప్పించుకుంది. విని, "ఫరవాలేదు, మంచి చావే" అంది.

పెద్దన్నయ్యా, నీ వలలు ఎవరూ ముట్టుకోలేదు. బోత్వే తాత పీట మీద కూర్చోడానికి కూడా ఒప్పుకోవడం లేదు, పక్కన ఇసుకలో కూర్చుంటున్నాడు.

మొన్న వదినను అడిగాను, ఎప్పుడు వెళ్తావని. ఆమె చెప్పింది చెప్పినట్టు రాయమంది, రాస్తున్నాను:

"మీ అన్నల్లో ఎవరో ఒకరు వస్తే నేను కదలను. ఇద్దరూ ఒకే బండిలో, ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, ఆ దారంతా వచ్చి పిలవాలి. ఇరుసు విరిగినా సరే, అక్కడే ఆగి కబుర్లు చెప్పుకోమను. అప్పటిదాకా నాకిక్కడ ఏం లోటు?"

ఇది చెప్తున్నప్పుడు ఆమె ముందు పళ్ళెం నిండా వేయించిన చేపలున్నాయి, పక్కన టోర్బెన్ ముళ్ళు తీసిపెడుతున్నాడు. కాబట్టి తొందరపడి రాకండి.

మీ ఇద్దరి చెల్లెలు,
తావియా